మగ్గానికి చప్పుడుంది, ల్యాప్‌టాప్‌కు లేదు

మాది ఎమ్మిగనూరు అని చెప్తే తెలుగువాళ్లు ఎవరైనా వెంటనే "ఓ, కర్నూలు జిల్లానా?" అంటారు. కాదండీ. అది మాచాని సోమప్ప గారి చేనేత సంఘంతో పేరు తెచ్చుకున్న ఎమ్మిగనూరు. మాది బళ్లారి జిల్లాలో, కంప్లి, కురుగోడు వైపు ఉండే ఎమ్మిగనూరు. రెండింటి మధ్య ఇప్పుడు రాష్ట్రాల సరిహద్దు ఉంది. 1953 అక్టోబరు 1 దాకా అదీ లేదు. ఆదోని తాలూకాలో ఉన్న ఆ ఎమ్మిగనూరు కూడా అప్పటి మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలోదే. ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, మిగతా జిల్లా మైసూరుకు వచ్చింది. ఒకే జిల్లాలో ఒకే పేరుతో ఉన్న రెండు ఊళ్లను రెండు రాష్ట్రాలు చెరొకటి పంచుకున్నాయన్నమాట.

ఈ బ్లాగులో ఇంతవరకూ తాతయ్య రేపల్లె వైపు నుంచి తుంగభద్ర కాలవ కిందికి ఎలా వచ్చాడో, క్యాంపులో గుడి ఎలా కట్టారో బాబాయిలు రాశారు. ఈసారి నన్ను రాయమని మా మేనత్త పట్టుబట్టింది. "ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం గురించి ఇక్కడ ఏం రాస్తాం అత్తా?" అన్నాను. "ఇంట్లో కూర్చోబట్టే గదా నువ్వు తెలుగు రాయడం నేర్చుకుంది, అది రాయి" అంది. సరే, రాస్తున్నా. నేను పదో తరగతి దాకా చదివింది కన్నడ మీడియం. మధ్యలో కన్నడ వాసన వస్తే మీరే సర్దుకోండి.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ప్రోగ్రాము జనం చేతికి పోకముందే అది ఎక్కడెక్కడ పడిపోతుందో వెతికి పెట్టడం నా పని. 2011 నుంచి బెంగళూరులో చేశాను. అక్కడ ఉన్నన్నాళ్లూ నేనెవరో నేను చెప్పాల్సిన పనే పడలేదు. మెడలో కార్డు చెప్పేది. సిల్క్‌బోర్డు దగ్గర బస్సెక్కితే దాని తాడు రంగు చూసే ఏ కంపెనీయో పోల్చుకునేవాళ్లు. పీజీ ఓనరుకు అదే చూపించాను, బ్యాంకులో అప్పుకూ అదే. మధ్యాహ్నం భోజనాల దగ్గర విజయవాడ, హైదరాబాదు పిల్లలు నన్ను కన్నడమ్మాయి అనేవాళ్లు, ఎందుకంటే తెలుగు సినిమా పోస్టరు ఇస్తే చదవలేను. దావణగెరె, మండ్య పిల్లలు తెలుగమ్మాయి అనేవాళ్లు, ఎందుకంటే ఫోన్లో అమ్మతో తెలుగే మాట్లాడతాను. ఈ రెండు పేర్లూ నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. భోజనమయ్యాక కార్డు గీకి లోపలికి పోతే మళ్లీ అందరం ఒకటే.

ఇబ్బంది వేరే చోట ఉండేది. మావారిది తోరణగల్లు వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. 2017లో పాప పుట్టింది. ఆ ఏడే ప్రసూతి సెలవుల చట్టాన్ని సవరించి 26 వారాలు చేశారు. ఆ సవరణలోనే ఇంకో మాట కూడా ఉంది: సెలవు అయిపోయాక, పని అలాంటిదైతే, యజమాని ఒప్పుకుంటే తల్లి ఇంటి నుంచి పని చేయవచ్చు అని. ఒప్పుకుంటే అన్నారు గదా, మా కంపెనీ ఒప్పుకోలేదు. పాపను మా అమ్మ దగ్గర ఎమ్మిగనూరులో వదిలి నేను బెంగళూరు పోయాను. శుక్రవారం రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కేది, ఆదివారం రాత్రి మళ్లీ అదే రైలు. మాటలొచ్చాక పాప మా అమ్మను "అమ్మ" అనేది, నన్ను "బెంగళూరమ్మ" అనేది. ఎవరూ నేర్పలేదు, దానికదే పెట్టుకున్న పేరు. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

2020 మార్చి 25 ఉగాది. నాలుగు రోజులు ముందే ఇంటికి వచ్చాను, చేతిలో కంపెనీవాళ్లు "రెండు వారాలకు" అని ఇచ్చిన ల్యాప్‌టాప్. ముందు రోజు రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. ఆ రెండు వారాలే ఐదేళ్లు దాటాయి.

ఇంటి నుంచి పని అనే ఆలోచన ఆ రోజు పుట్టింది కాదు. అమెరికాలో జాక్ నిల్లెస్ అనే ఆయన 1973లోనే దానికి టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టాడు. మన దేశంలో కాల్ సెంటర్ల లాంటి పనులకు టెలికాం శాఖ నిబంధనలే అడ్డుగా ఉండేవి. 2020 నవంబరులో వాటిని బాగా సడలించారు. సెజ్‌లో ఉన్న కంపెనీలకు 2022 జులైలో 43ఎ అని కొత్త రూలు తెచ్చి, సగం మంది దాకా, ఏడాది దాకా ఇంటి నుంచి చేయవచ్చన్నారు. కాగితాల మీద నేను ఎక్కడ ఉండవచ్చో ఢిల్లీలో ఇలా మారుతూ వస్తుంటే, మా వీధిలో ఇంకో ప్రశ్న నడుస్తోంది.

"ఏనవ్వా, ఇన్నూ రజానా?" ఇంకా సెలవేనా అని. ఎదురింటి అవ్వ మొదటి ఏడాదంతా అడిగింది. రెండో ఏడు అడగడం మానేసింది. నా ఉద్యోగం పోయిందని తీర్మానం చేసుకుంది. ఆడపిల్ల పుట్టింట్లో ఉంది, అల్లుడు డ్యూటీ లేని రోజు మాత్రం వస్తాడు, పొద్దస్తమానం గదిలో తలుపేసుకుని ఉంటుంది. ఏమనుకుంటారు మరి? పేరంటానికి మధ్యాహ్నం మూడింటికి పిలిచేవాళ్లు. రాలేనంటే "ఇంట్లోనే ఉండావు గదా" అనేవాళ్లు. గ్యాసు బండ వస్తే, పక్కింటి పిల్లాడికి జ్వరం వస్తే, కరెంటు బిల్లు మనిషి వస్తే నన్నే కేకేసేవాళ్లు. మావారు కూడా ఆ తొలి రోజుల్లో రెండుసార్లు ఇంటి నుంచి ఏదో ఫ్యాక్టరీ కాగితం పని చేశారు. ఆయన కూర్చుంటే ఇల్లంతా గుసగుసలు. నేను కూర్చుంటే మా అమ్మే వచ్చి "ఆ కుక్కరు మూడు కూతలు కూస్తే దించు" అని పోయేది.

ఆ మధ్య ఒక పెళ్లికి ఆ ఎమ్మిగనూరు పోయాం, కర్నూలు జిల్లాది. పెళ్లివాళ్లింటి పక్కన ఒక నేతగాళ్ల ఇల్లు. గుంట మగ్గం. ముందు గదిలో గుంటలో కాళ్లు పెట్టుకుని ఆయన నేస్తున్నాడు, వెనక ఆయన భార్య కండెలు చుడుతోంది, పిల్లలు అటూ ఇటూ తిరుగుతున్నారు. పుట్టినప్పటి నుంచీ ఇంటి నుంచే పని. నేను గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాను. ఆయన్ని ఎవరూ "ఇంట్లోనే ఉన్నావు గదా" అనరు. ఎందుకనరంటే మగ్గానికి చప్పుడుంది. అది ఆ వీధి చివరి దాకా వినిపిస్తుంది. చప్పుడు ఆగితే "ఏమైంది, ఒంట్లో బాలేదా?" అని అడుగుతారు. కండెలు చుట్టే ఆమె పనికి మాత్రం చప్పుడు తక్కువ. ఆమెను అడిగితే "మా ఆయన నేస్తాడు" అంది, నేనూ పని చేస్తాను అనలేదు.

అప్పుడు నాకు తట్టింది. మనమేం పని చేస్తామో అది మనకు తెలిస్తే చాలదు. చుట్టూ ఉన్నవాళ్లకు కనపడాలి, వినపడాలి. అప్పుడే అది మన పేరులో భాగమవుతుంది. ఆఫీసులో ఆ పని కార్డు, కుర్చీ, పక్క సీటువాళ్లు చేసేవాళ్లు. ఇంట్లో ఎవరూ చేయరు. ల్యాప్‌టాప్‌కు చప్పుడు లేదు.

బళ్లారి రాఘవ గారి గురించి ఇక్కడి తెలుగువాళ్లు, కన్నడంవాళ్లు ఇద్దరూ "మావాడు" అని చెప్పుకుంటారు. వృత్తికి ఆయన వకీలు. కోర్టులో నల్లకోటు, రంగస్థలం మీద వేషం. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, హిందీ నాటకాల్లో వేశారు. ఒక మనిషిలో ఇంతమంది ఉండటం ఈ జిల్లాకు కొత్తేమీ కాదు. కాకపోతే ఆయన కోర్టు నుంచి నాటకం దాకా నడిచి పోయేవాడు, అక్కడ వేషం కట్టుకోవడానికి ఒక గది ఉండేది. నాకు ఆ నడక లేదు, ఆ గది లేదు. ఒకే కుర్చీలో కూర్చుని సాయంత్రం ఆరింటికి ఇంగ్లీషులో టెస్టరుని, ఆరూ ఐదుకు తెలుగులో అమ్మని, ఆరూ పదికి వాకిట్లో పాలవాడితో కన్నడంలో ఈ ఇంటి మనవరాలిని. మొదట్లో తల తిరిగేది. పోనుపోను, ఈ ముగ్గురూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదని, ఇప్పుడే పరిచయమవుతున్నారని అనిపించింది.

ఊరికి నా పని కనపడటం మొదలైంది పహణీల వల్ల. కర్నాటకలో భూమి రికార్డులు చాలాకాలంగా కంప్యూటర్లోనే. బ్యాంకు అప్పుకు, పంట నష్టానికి పహణీ కాగితం కావాలి. ఎదురింటి అవ్వ కొడుకు ఒకరోజు సైటు తెరుచుకోవట్లేదని ఫోను పట్టుకొచ్చాడు. చూస్తే సర్వే నంబరు తరవాత హిస్సా నంబరు వేయకుండా ముందుకు నొక్కుతున్నాడు. చూపించాను. మర్నాడు ముగ్గురొచ్చారు. నెల తిరిగేసరికి నేను "కంప్యూటరక్క". సెల్‌ఫోన్లు కూడా బాగుచేస్తానని కొందరనుకుంటారు. టెస్టర్ అంటే ఏమిటో మా ఊళ్లో ఇప్పటికీ ఎవరికీ తెలీదు గానీ, తలుపేసి ఉంటే తట్టకూడదని తెలిసింది. "అక్క డ్యూటీలో ఉంది" అని అవ్వే అందరికీ చెప్తుంది.

ఇక తెలుగు సంగతి. మాది అమెరికా టీము. నా పని మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలై రాత్రి పదిన్నర దాకా. బెంగళూరులో పొద్దున మిగిలిన టైమంతా నిద్రకూ బస్సుకూ పోయేది. ఇక్కడ బస్సు లేదు. పాప స్కూలుకు పోయాక రెండు గంటలు ఖాళీ. మా నాయనమ్మకు అప్పటికే చూపు బాగా మందగించింది. ఆమె ట్రంకు పెట్టెలో ఇన్లాండు లెటర్లు, పోస్టుకార్డులు ఒక కట్ట ఉన్నాయి, రేపల్లె వైపు నుంచి వాళ్ల తమ్ముడు రాసినవి. అవి చదవడానికి ఇంట్లో ఎవరూ లేరు. మా నాన్నది కన్నడం బడి, నాది కన్నడం బడి, మా అమ్మ కంప్లిలో పుట్టి పెరిగింది. తాతయ్య పోయాక ఆ కట్ట విప్పలేదు. మూడు తరాలు తెలుగు మాట్లాడే ఇంట్లో తెలుగు ఉత్తరం చదివేవాళ్లు లేరు. బయట స్థిరపడిన తెలుగు ఇళ్లల్లో ఇది మామూలే, మీకు చెప్పక్కర్లేదు.

కన్నడం వచ్చినవాళ్లకు తెలుగు అక్షరాలు సగం వచ్చినట్టే. ఒకప్పుడు రెండూ ఒకే లిపి. తలకట్టు తీరు తేడా, క, త, శ లాంటి కొన్ని అక్షరాలు వేరు, అంతే. మా పనిలో ఇంకో వింత కనపడింది. కంప్యూటర్లలో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగుకు 128 గదులు, దాని వెంటనే కన్నడానికి 128 గదులు. రెండూ ఒకే వరసలో పేర్చారు. తెలుగు "క" నంబరుకు 128 కలిపితే కన్నడ "క" వస్తుంది. రెండు ఎమ్మిగనూర్ల లాగే, పక్కపక్క గదులు. మూడు వారాల్లో కూడబలుక్కుని చదవడం వచ్చింది.

మొదటి కార్డు పట్టుకుని కూర్చున్నాను. "చి.ల.సౌ." దగ్గరే ఆగిపోయాను. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని నాయనమ్మ చెప్పింది. తరవాతి మాట "ఉభయకుశలోపరి". అదేం ఊరి పేరు అని అడిగాను. నాయనమ్మ పడీపడీ నవ్వింది. ఇరుపక్కలా క్షేమమే, ఇక పైన విషయం ఏమంటే, అని దాని అర్థమట. మా ఇంట్లో ఇప్పుడు వీడియో కాల్ ఎత్తగానే పాప అనేది ఆ మాటే.

రోజుకొకటి చదివాను. వడ్ల ధర, ఎవరి పెళ్లి, ఎవరి గేదె ఈనింది. ఒక ఇన్లాండు లెటరు మాత్రం వేరు. 1977 డిసెంబరుది. ఆ ఏడు నవంబరు 19న దివిసీమ ఉప్పెన. అంతకు ముందు తాతయ్య ఇక్కడి పొలం అమ్మి వెనక్కి పోదామని బేరం కూడా పెట్టాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు పోలేదో ఎవరికీ తెలీదు. ఆ ఉత్తరంలో ఉంది. మనుషులం బతికాం, గొడ్లు పోయాయి, చేను ఉప్పు పట్టింది, బావ తొందరపడి అమ్ముకోవద్దని చెప్పు, మీరు అక్కడే ఉండండి, అది కూడా మన ఊరే అనుకోండి, అని రాశాడు. నేను చదవడం ఆపాను. నాయనమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత "మీ తాత ఆ ఉత్తరం వచ్చిన రోజు నాతో, ఇక క్యాంపులో ఇల్లు పక్కాది కడదాం అన్నాడే" అంది. మేమంతా ఇక్కడివాళ్లం అయింది ఆ రోజు. ఆ సంగతి ఇన్నేళ్లూ పెట్టెలో పడి ఉంది. నాకు రోజూ పొద్దున రెండు గంటలు దొరక్కపోతే ఇంకా అక్కడే ఉండేది.

ఆ తరవాత ఆఫీసులో ఒక బ్యాంకు యాప్‌కు భారతీయ భాషల తెరలు పరీక్షించాల్సి వచ్చింది. కన్నడానికి నా పేరు వేశారు. తెలుగుకు కూడా వేయమన్నాను. వత్తులు తెగిపోతున్నాయని, "ఖాతా" పట్టాల్సిన చోట "ఖా" వరకే కనిపిస్తోందని బగ్గులు రాశాను. ఒకప్పుడు పోస్టరు చదవలేని కన్నడమ్మాయి అన్నవాళ్లలో ఒకామె ఇంకా ఆ టీములోనే ఉంది. "నువ్వెప్పుడు నేర్చుకున్నావ్?" అంది. లంచ్ టైములో అన్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నది పొంగితే కంప్లి వంతెన మీదికి నీళ్లొస్తాయి, అది ఒక భయం. నీళ్లన్నీ పోతే కాలవకు రావు, పంట ఉండదు, అది అంతకంటే పెద్ద భయం. మూడు రాష్ట్రాల రైతుల కళ్లు ఆ ఒక్క గేటు మీదే. సోమవారం కాల్‌లో మేనేజరు "ఏమిటి, ఇవాళ పరధ్యానంగా ఉన్నావు" అన్నాడు. మామూలుగా అయితే నెట్ బాగాలేదని చెప్పేదాన్ని. ఆ రోజు చెప్పాను, మా డ్యాము గేటు పోయింది, మా నాన్న రెండు రాత్రులుగా నిద్రపోలేదు అని. అందరూ నిశ్శబ్దం. కంపెనీ రికార్డులో నా ఊరు బెంగళూరు. నాలుగేళ్లుగా నా వెనక కెమెరాలో కనపడేది మబ్బు పట్టించిన గోడ. ఆ రోజు మబ్బు తీసేసి మ్యాపులో ఊరు చూపించాను. ఆంధ్ర నుంచి గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి, వారం లోపలే పారే నీళ్లలో స్టాప్‌లాగ్ దించారు. దిగిందన్న వార్త మా టీము చాట్‌లో నాకంటే ముందు పెట్టింది ఒహాయో నుంచి పనిచేసే ఆమె.

ఇంత రాసింది, ఆఫీసు చెడ్డది, ఇల్లు మంచిది అని చెప్పడానికి కాదు. మూడో ఏడు నాకు ప్రమోషను రావాల్సింది రాలేదు. కళ్ల ముందు కనపడేవాళ్లే పై వాళ్లకు గుర్తుంటారు, ఆ లెక్కలో కూడా చప్పుడు లేకపోవడమే నష్టం. కొత్తగా చేరిన పిల్లలకు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పేవాళ్లు లేరు. నాకు 2011లో నేర్పిన ఆమె లేకపోతే నేను ఏడాదిలో మానేసేదాన్ని. రాత్రి పదిన్నరకు ల్యాప్‌టాప్ మూస్తే ఆ రోజు ఎవరితోనూ పని గురించి ఒక్క జోకు కూడా వేసుకోలేదని గుర్తొచ్చే రోజులున్నాయి.

ఇప్పుడు అందరినీ వెనక్కి పిలుస్తున్నారు. 2025 నాటికి పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని 2020లో చెప్పిన టీసీఎస్, 2023 అక్టోబరు నుంచి వారంలో ఐదు రోజులూ రమ్మంది. మాది ఆ కంపెనీ కాదు గానీ గాలి అందరికీ ఒకటే. మాకు వారానికి మూడు రోజులు అన్నారు. మూడు రోజులంటే మళ్లీ పీజీ, మళ్లీ హంపి ఎక్స్‌ప్రెస్. మినహాయింపు కావాలంటే ఒక ఫారం నింపాలి. కారణం గడిలో నాలుగు ఎంపికలు: ఆరోగ్యం, పిల్లలు, పెద్దల సంరక్షణ, ఇతరం. పాప ఉంది, నాయనమ్మ ఉంది, రెండిట్లో ఏది నొక్కినా అబద్ధం కాదు. మావారు పిల్లలు అని పెట్టమన్నారు, అదైతే త్వరగా తేలుతుందని. నేను ఇతరం నొక్కాను. ఎందుకంటే పిల్లలు అని పెడితే పాప పెద్దదయ్యాక నేనిక్కడ ఉండటానికి కారణం లేనట్టే. కింద ఖాళీలో, పని ఇక్కడి నుంచే ఐదేళ్లు చేశాను, లెక్కలు మీ దగ్గరే ఉన్నాయి, నా ఊరు ఎమ్మిగనూరు, రికార్డులో బెంగళూరు తీసి అది పెట్టండి, నెలకు నాలుగు రోజులు ఆఫీసుకు వచ్చి కొత్తవాళ్లకు నేర్పుతాను, అని రాశాను. ఊరు మారిస్తే జీతంలో కొంత తగ్గుతుందని హెచ్ఆర్ నుంచి ఫోనొచ్చింది. ఎంతో లెక్క కట్టి పంపమన్నాను. ఇంకా రాలేదు.

పాప మాత్రం ఇప్పుడు నన్ను అమ్మ అనే అంటుంది. మా అమ్మను అమ్మమ్మ అంటుంది. ఎప్పుడు మారిందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

కట్టలో ఇంకా పదిహేడు ఉత్తరాలున్నాయి. చదివినవాటిని ఒక్కొక్కటే ఫోటో తీసి, కింద మామూలు అక్షరాల్లో రాసి ఇక్కడ పెడుతున్నా. గంగావతి, సింధనూరు, సిరుగుప్ప వైపు క్యాంపుల్లో ఉన్నవాళ్లు, ఇంకా దూరం పోయినవాళ్లు, మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి పెట్టెలు ఉంటాయి. చదివేవాళ్లు లేకపోతే కార్డు రెండు వైపులా స్పష్టంగా ఫోటో తీసి పంపండి. చేతిరాత మరీ గొలుసుకట్టయితే నాయనమ్మకు అక్షరాలు ఒక్కొక్కటి చెప్పి అడుగుతాను, ఆమెకు మాట తడుతుంది. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు లోపల అయితే ఆ రోజే చదివి పెడతాను. హెచ్ఆర్ లెక్క ఎటు తేలినా ఫర్వాలేదు, రైల్లో అయినా చదువుతాను.